రౌటర్ దొరకు మేడమీది జనం అర్జీ

వైఫై పంచే రౌటర్ దొరా, నీ బాంచెన్!

మహబూబ్‌నగర్‌ల మా ఇంటి ముందర్రల, ఇనుప బీరువా ఎనుక కొలువు తీరిన నీకు మేడమీద ఉండేటోళ్లం రాసుకునే అర్జీ ఏందంటే, ఒక్కసారి గడీ దిగు.

నిన్నక్కడ ఎవరు కూసోబెట్టిండ్రో మాకెరుకే. కనెక్షన్ ఇయ్యనీకి వచ్చిన పిలగాడు గోడకు బొక్క కొట్టి, వైరు ఎందాక వస్తే అందాకనే నీకు గద్దె ఏసి పోయిండు. ఆనాటిసంది మేమే నీ కాడికి నడుస్తున్నం. పుణె నుంచి చిన్నాయన వీడియో కాల్ చేస్తే నాయినమ్మ మోకాళ్లు పట్టుకొని మెట్లు దిగాలె. పైనుంచే మాట్లాడితే ఆయన నోరు తెరిచిన కాడనే ఆగిపోతడు. "పోరనికి ఏమైందిరా?" అని ఆమె గాబరా.

నీ కొలువుల సిగ్నల్ మోసే నౌకర్లు ఇద్దరు, రెండు రేడియో బ్యాండ్లు. 5 గిగాహెర్ట్జ్‌వాడు మా చురుకు, గానీ గోడ అడ్డమొస్తే చతికిలబడతడు. తాత కట్టిచ్చిన రాతి గోడలు, పైన సలాకలేసిన స్లాబు. వాడు మేడెక్కుడు కల్ల. 2.4వాడు మెల్లగనన్న వస్తడు, గానీ వాని తొవ్వల గల్లీ అంతా ఉంటది. ఆ తొవ్వల ఒకదాన్నొకటి రాసుకోని చానళ్లు, అంటే సిగ్నల్ నడిచే వరుసలు, 1, 6, 11, మూడే. పక్కింటి దొర, ఎదురింటి దొర, నువ్వు, అందరు 6 మీదనే కూసుంటిరి. మైక్రోవేవ్ ఓవెన్ గూడ 2.45 గిగాహెర్ట్జ్ కాడనే తిరుగుతది. కూర ఎచ్చవెడితే తమ్ముని క్లాసు గల్లంతు.

మొర పెట్టుకుంటే కస్టమర్ కేర్‌ల ప్లాన్ పెంచుకోమన్నరు. పెంచినం. 40 ఎంబీపీఎస్ ఉన్న నెట్ స్పీడు 100 అయింది, నీ పాదాల కాడ. పైన పాత కథనే. గడీ ముంగట వడ్ల కుప్ప ఎంత పెరిగితే ఏంది, మా అర్రకు గింజ రాకపాయె.

మళ్ల ఆ నాలుగు కొమ్ములు! అన్నీ నిలువుగ లేపుకున్నవు. నిలువు యాంటెన్నా చుట్టుపక్కలకు బాగ పంచుతది, సొంత నెత్తి మీదికి అంతంతే. మేముండేది నీ నెత్తి మీదనే కద దొరా! ఒక్కటన్న అడ్డం పండబెడితే నీ పరువేం పోతది?

బావ రిపీటర్ తెచ్చిండు, నీ సిగ్నల్ అందుకొని ముంగటికి పంపే డబ్బ, నీ కింద మాలీపటేల్ అన్నట్టు. సిగ్నల్ అందని మూలకే దాన్ని పెట్టిండు. నీ మాట దానికే ఇనవడకపాయె, మాకేం చెప్తది? మెట్ల నడుమకు జరిపినంక ఇంటున్నది, గానీ ఒకటే రేడియో. ఇన్నదే మళ్ల చెప్పాలె గనుక స్పీడు సగమైతున్నది.

అందుకే, బీరువా ఇడిసి నడిమింట్లకు రా. నేల మీద గాదు, గోడకు ఎత్తుల. ఫైబర్ వైరు మడత పడకుండ జరిపించే బాధ్యత మాది.

రానంటవా, క్యాట్ 6 అనే నెట్ కేబుల్ మెట్ల పొంటి గుంజి పైన యాక్సెస్ పాయింట్, అంటే వైఫై పంచే ఇంకో డబ్బ, పెట్టిస్తం. 100 మీటర్ల దాక గిగాబిట్ మోస్తది ఆ వైరు. మాకు కావలసింది ఒక్క అంతస్తే. అప్పుడు నువ్వు నిమ్మళంగ బీరువాను ఏలుకో.

ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తనన్నడు. ఆలోపల ఏదో ఒకటి తేల్చు.

ఇట్లు,
నీ నెత్తి మీది రయ్యతులు