ఆ వైడ్‌వైన్ జిప్ ఫైలును ఇక ఫార్వర్డ్ చేయకండి

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్. "లైనక్స్ వాడేవాళ్లకు శుభవార్త" అని మొదలై, రాకెట్ బొమ్మలతో సాగి, "అందరికీ పంపండి" అని ముగిసేదే. పంపుతున్నవాళ్లలో సర్వర్లు నడిపి జీతాలు తీసుకునేవాళ్లూ ఉన్నారు. పంపేముందు ఎవరూ పూర్తిగా చదవలేదని నాలుగో సూచన చూస్తేనే తెలిసిపోతుంది.

చూడనివాళ్ల కోసం అందులో ఉన్న సరుకు ఇది. లైనక్స్ బ్రౌజర్లలో డీఆర్‌ఎం (అనుమతి ఉన్నవాళ్లకే వీడియో విప్పే తాళం) లేదట, అందుకే ఓటీటీలు ప్లే కావట. కావాలంటే: ఒకటి, ఉబుంటు రిస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ ప్యాకేజీ వేసుకోవాలి. రెండు, యూజర్ ఏజెంట్‌ను (బ్రౌజర్ తానెవరో సైటుకు చెప్పుకునే పేరును) విండోస్‌గా మార్చాలి, దాంతో 4కె కూడా వస్తుంది. మూడు, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్ చేయాలి. నాలుగు, డ్రైవ్ లింకులోని వైడ్‌వైన్ (గూగుల్ తయారుచేసిన డీఆర్‌ఎం మాడ్యూల్) జిప్ దించుకుని, సుడోతో (రూట్, అంటే పూర్తి అడ్మిన్ అధికారంతో) క్రోమ్ ఫోల్డర్లో పెట్టి, 777 అనుమతులిచ్చి, క్రోమ్‌ను సుడోతోనే నో-సాండ్‌బాక్స్ ఫ్లాగు (పేజీల కోడును సిస్టమ్‌కు దూరంగా బంధించే రక్షణను తీసేసేది) తగిలించి తెరవాలి. ఐదు, అదీ కాకపోతే వైన్‌లో (విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపేదానిలో) విండోస్ క్రోమ్ వేసుకోవాలి.

అసలు మొదటి వాక్యమే తప్పు. ఉబుంటులో క్రోమ్ 37 మీద నెట్‌ఫ్లిక్స్ అధికారికంగా నడవడం మొదలైంది 2014 అక్టోబరులో. లైనక్స్ ఫైర్‌ఫాక్స్‌కు వైడ్‌వైన్ వచ్చింది 49వ వెర్షన్‌తో, 2016లో. అంతకుముందు మైక్రోసాఫ్ట్ ప్లగిన్ సిల్వర్‌లైట్‌ను పైప్‌లైట్ అనే వారధి ద్వారా నెట్టుకొచ్చిన రోజుల్లో ఇలాంటి మంత్రాలకు ఒక అర్థం ఉండేది. ఇప్పుడు గూగుల్ ఇచ్చే మామూలు క్రోమ్ ప్యాకేజీలోనే వైడ్‌వైన్ ఉంటుంది, మీరు చేయాల్సింది ఏమీ లేదు. ఫైర్‌ఫాక్స్‌లో అయితే సెట్టింగ్స్, జనరల్‌లోకి వెళ్లి "ప్లే డీఆర్‌ఎం-కంట్రోల్డ్ కంటెంట్" దగ్గర టిక్ పెట్టాలి. అంతే.

టిక్ పెట్టిన మరుక్షణమే పేజీ రిఫ్రెష్ చేసి "రావట్లేదు" అనకండి. ఫైర్‌ఫాక్స్ ఆ మాడ్యూల్‌ను అప్పుడు దించుకోవడం మొదలుపెడుతుంది. యాడ్-ఆన్స్ పేజీలో ప్లగిన్స్ తెరిచి, వైడ్‌వైన్ పక్కన "త్వరలో ఇన్‌స్టాల్ అవుతుంది" అన్న మాట పోయి వెర్షన్ నంబరు కనిపించేదాకా ఆగండి. నెట్‌ఫ్లిక్స్‌లో ఎఫ్7701-1003 అనే ఎర్రర్ వస్తే సాధారణంగా ఆ టిక్ లేదనే అర్థం. లిబ్రెవుల్ఫ్ లాంటి బ్రౌజర్లలో డీఆర్‌ఎం మొదట్నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది.

క్రోమ్‌లో ఎం7701-1003 వస్తే మాడ్యూల్ పాడయిందని అనుమానించండి. కాంపొనెంట్స్ పేజీలో వైడ్‌వైన్ దగ్గర "చెక్ ఫర్ అప్‌డేట్" నొక్కి, బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరవండి. ట్యాబ్ మూస్తే చాలదు. లైనక్స్‌లో ఈ లైబ్రరీని బ్రౌజర్ మొదలయ్యేటప్పుడే, సాండ్‌బాక్స్ బిగించకముందే లోడ్ చేస్తారు కాబట్టి కొత్తది పట్టుకోవాలంటే మొత్తం రీస్టార్ట్ కావాలి. అయినా కుదరకపోతే హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్, గూగుల్-క్రోమ్ ఫోల్డర్లో వైడ్‌వైన్ సీడీఎం పేరుతో ఉన్న ఫోల్డర్ తీసేసి మళ్లీ తెరవండి. బ్రేవ్‌లో సెట్టింగ్స్, ఎక్స్‌టెన్షన్స్ కింద వైడ్‌వైన్ స్విచ్ వేరే ఉంది, దానికీ రీస్టార్ట్ తప్పదు.

క్రోమ్‌కు మూలమైన ఓపెన్ సోర్స్ బ్రౌజర్ క్రోమియం సంగతి వేరు. అందులో మాడ్యూల్ ఉండదు. డెబియన్‌లో క్రోమ్ వేసుకుని దాని వైడ్‌వైన్ ఫోల్డర్‌ను క్రోమియం ఫోల్డర్లోకి కాపీ చేసుకోవచ్చు, ఆర్చ్‌లో ఆ పని చేసే ఏయూఆర్ (వాడుకరులే పెట్టే) ప్యాకేజీ ఉంది. ఉబుంటులో క్రోమియం స్నాప్ అనే మూసిన ప్యాకేజీగా వస్తుంది, ఆ స్నాప్ లోపల రాయడానికి వీలుండదు. ఇంత తంటా కంటే పక్కన క్రోమో ఫైర్‌ఫాక్సో పెట్టుకోవడం నయం.

నిజంగా ఇబ్బంది పెట్టేవి మూడున్నాయి, ఆ మెసేజ్‌లో వాటి ఊసే లేదు. హోమ్ పార్టిషన్‌ను "నోఎగ్జెక్" ఆప్షన్‌తో మౌంట్ చేసి ఉంటే ఫైర్‌ఫాక్స్ దించుకున్న లైబ్రరీని కెర్నల్ నడవనివ్వదు. టిక్ ఉంటుంది, వెర్షన్ కనిపిస్తుంది, వీడియో మాత్రం రాదు. ఫైండ్‌మౌంట్ కమాండుతో చూసుకుని ఆ ఆప్షన్ తీసేయాలి. రెండోది ఆల్పైన్ లాంటి, జీలిబ్‌సీ అనే మూల సీ లైబ్రరీకి బదులు మసల్ వాడే డిస్ట్రోలు. వైడ్‌వైన్ జీలిబ్‌సీ మీద ఆధారపడుతుంది కాబట్టి అక్కడ లోడ్ కాదు, ఫ్లాట్‌హబ్ నుంచి ఫ్లాట్‌ప్యాక్ ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే దాని జీలిబ్‌సీ దాని వెంటే వస్తుంది. మూడోది ఆర్మ్ ప్రాసెసర్లు. రాస్‌బెర్రీ పై ఓఎస్‌లో లిబ్‌వైడ్‌వైన్‌సీడీఎం0 అనే ప్యాకేజీని ఏపీటీ (apt) కమాండుతో వేసుకోవచ్చు.

ఇక సూచనలకు వద్దాం.

రిస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ అంటే కోడెక్‌లు (ఆడియో, వీడియో ఫార్మాట్లను చదివేవి), ఫాంట్లు. దానికీ డీఆర్‌ఎంకీ సంబంధం లేదు. అయితే ఒక చిన్న మినహాయింపు. ఫైర్‌ఫాక్స్‌లో వీడియోను వైడ్‌వైనే విప్పి డీకోడ్ చేస్తుంది, ఆడియోను మాత్రం విప్పి ఫైర్‌ఫాక్స్‌కు ఇస్తుంది. ఆ ఏఏసీ ఆడియోకు సిస్టమ్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీలు కావాలి. కనీస ప్యాకేజీలతో డెబియన్ వేసుకున్నవాళ్లకు అవి లేక ప్లేబ్యాక్ ఆగిపోవచ్చు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్యాకేజీ ఒక్కటి చాలు.

హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ మాట ఇప్పుడే చెప్పిన వాక్యంలోనే తేలిపోయింది. వీడియో డీకోడింగ్ మొత్తం మాడ్యూల్ లోపల సీపీయూ మీద జరుగుతున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు స్విచ్ వేసినా తీసినా ఈ వీడియోకు నాణ్యత పెరగదు. ఐదోది, వైన్: విండోస్‌లో 4కెకు కావాల్సిన హార్డ్‌వేర్ రక్షణ వైన్‌లో లేదు, వర్చువల్ మెషీన్‌లోనూ రాదు. తర్వాత.

యూజర్ ఏజెంట్ విషయంలో మాత్రం మెసేజ్ సగం నిజం చెప్పింది, ఒప్పుకోవాల్సిందే. కొన్ని సైట్లు మీ బ్రౌజర్‌లో వైడ్‌వైన్ ఉందో లేదో అడగనే అడగవు. "లైనక్స్" అన్న మాట కనపడగానే తలుపేస్తాయి. అలాంటిచోట యూజర్ ఏజెంట్‌ను విండోస్ క్రోమ్‌గా మారిస్తే వీడియో వచ్చేస్తుంది. ఆ పని చేసేవాళ్లను తప్పుపట్టలేను, సిగ్గుపడాల్సింది ఆ సైటు రాసినవాళ్లు. కానీ 4కె? యూజర్ ఏజెంట్‌ను చదివేది పేజీ. తాళంచెవి ఇచ్చేది లైసెన్స్ సర్వర్. దానికి వెళ్లే అభ్యర్థనను తయారుచేసేది మాడ్యూల్, తాను ఎవరో ఏ ప్లాట్‌ఫామ్ మీద ఉందో అందులో తానే చెప్పుకుంటుంది. పైన మీరు ఏ వేషం వేసినా దానికి పట్టదు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి ఎడ్జ్ అని మారుస్తారు. అప్పుడు పేజీ మైక్రోసాఫ్ట్ డీఆర్‌ఎం అయిన ప్లేరెడీని అడగొచ్చు. లైనక్స్‌లో అది లేదు, ఉన్న వీడియో కూడా పోతుంది. అద్భుతం.

నాణ్యత గురించి నిజం ఇది. లైనక్స్ డెస్క్‌టాప్ బ్రౌజర్లలో వైడ్‌వైన్ ఎల్3 స్థాయిలో, అంటే పూర్తిగా సాఫ్ట్‌వేర్‌గా నడుస్తుంది. విండోస్, మ్యాక్‌లలో ఉండే వెరిఫైడ్ మీడియా పాత్ (బ్రౌజర్ అసలుదేనని రుజువు చేసే ఏర్పాటు) కూడా లైనక్స్‌లో లేదు. ఆ రెండింట్లో దేన్ని ఎంత పట్టించుకోవాలో ప్రతి సర్వీసూ తనకు తానే నిర్ణయించుకుంటుంది. ఒకటి హెచ్‌డీ ఇస్తుంది, ఇంకొకటి 480 దగ్గర ఆపుతుంది, మరొకటి అసలు ఇవ్వదు. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు లైనక్స్‌వాళ్లకు దక్కింది 83 అనే ఎర్రర్. తర్వాత అది సర్దుకుంది, సర్దింది సర్వర్ వైపే, ఏ యూజరూ ఏ ఫ్లాగూ తగిలించడం వల్ల కాదు. మీకు ఎంత వస్తోందో తెలుసుకోవాలంటే నెట్‌ఫ్లిక్స్ వీడియో నడుస్తుండగా కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, డి నాలుగూ కలిపి నొక్కండి, రిజల్యూషన్ తెర మీదే కనిపిస్తుంది. అదే చందా కట్టి తక్కువ నాణ్యత తీసుకోవాల్సి రావడం అన్యాయమే. ఆ మెసేజ్ రాసినవాడి కోపంలో ఈ ముక్క వరకూ నేనూ వాడి పక్షమే. 4కె కావాలంటే ఎల్1 (హార్డ్‌వేర్ రక్షణ స్థాయి) ఉన్న టీవీ స్టిక్‌ను, హెచ్‌డీసీపీ 2.2 (కేబుల్ మీద వీడియో కాపీ కాకుండా చూసేది) ఉన్న మానిటర్‌కు తగిలించుకోవడమే దారి.

నాలుగోది కావాలనే చివరికి ఉంచాను.

ఎవరో డ్రైవ్‌లో పెట్టిన ఒక లైబ్రరీ ఫైలు. అది పాట కాదు, ఫోటో కాదు, నేరుగా మీ ప్రాసెసర్ మీద నడిచే కోడు. ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమ్ గానీ ఈ మాడ్యూల్‌ను తానే దించుకున్నప్పుడు అది సరైనదేనని సరిచూసుకున్నాకే పెడుతుంది. జిప్‌లోంచి తీసి మీరు చేత్తో పెట్టినదాన్ని ఎవరు సరిచూశారు? గ్రూపు అడ్మినా? పోనీ నిజమైన ఫైలే అనుకుందాం. పాత మాడ్యూల్ వెర్షన్లను కాలక్రమంలో రద్దు చేస్తుంటారు. ఎప్పుడో తయారైన జిప్ ఈ రోజు పనిచేసినా రేపు ఆగిపోతుంది.

777 ఎందుకు? లైబ్రరీ లోడ్ కావడానికి చదివే అనుమతి ఉంటే చాలు, 644 సరిపోతుంది. 777 ఇస్తే ఆ మెషీన్‌లో ఏ యూజర్ ప్రోగ్రామైనా ఆ ఫైలును తనకు కావాల్సిన కోడుతో మార్చేయగలదు.

సుడోతో క్రోమ్ ఎందుకు? దానికి కారణమే లేదు. రూట్‌గా తెరవబోతే క్రోమ్ "సాండ్‌బాక్స్ తీయకుండా రూట్‌గా నడవను" అని మొండికేస్తుంది. కాబట్టే నో-సాండ్‌బాక్స్. అంటే ఒక తప్పును నడిపించడానికి రెండో తప్పు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. ఆ ఫ్లాగు వీడియో ట్యాబ్‌కు మాత్రమే వర్తించదు, అన్ని ట్యాబ్‌లకూ వర్తిస్తుంది, మీ బ్యాంకు పేజీతో సహా. బయటివాళ్ల మాడ్యూల్ కాబట్టే బ్రౌజర్లు వైడ్‌వైన్‌ను ఒక గదిలో పెట్టి గడియ వేశాయి. ఆ గడియ తీసేసి, పైగా రూట్ అధికారం చేతిలో పెట్టి, డ్రైవ్ లింకులోని అపరిచిత కోడును లోపలికి పిలవడం ఈ "శుభవార్త". పైన పట్టీలో క్రోమ్ స్వయంగా హెచ్చరిస్తుంది కదా, దాన్ని "పట్టించుకోవద్దు" అని మెసేజ్‌లోనే రాశాడు మహానుభావుడు. ఇంత చేశాక చాలాసార్లు శబ్దం కూడా రాదు, ఎందుకంటే సౌండ్ సర్వర్ మీ యూజర్ సెషన్‌ది, రూట్‌ది కాదు. మూకీ సినిమా చూడాలి.

ఇప్పటికే చేసేసినవాళ్లు బ్రౌజర్ మూసి, క్రోమ్ ప్యాకేజీని తీసేసి, /opt డైరెక్టరీ కింద దాని ఫోల్డర్ మిగిలి ఉంటే చెరిపి, గూగుల్ రిపాజిటరీ నుంచి కొత్తగా వేసుకోండి. పైన చెప్పిన హోమ్‌లోని వైడ్‌వైన్ ఫోల్డర్ కూడా తీసేయండి, ఫైర్‌ఫాక్స్‌లో పెట్టి ఉంటే ప్రొఫైల్‌లో జీఎంపీ-వైడ్‌వైన్‌సీడీఎం ఫోల్డరూ అంతే. తర్వాత నో-సాండ్‌బాక్స్ ఎక్కడ దాక్కుందో వెతకండి: డాట్ లోకల్ కింద అప్లికేషన్స్‌లో ఉన్న డెస్క్‌టాప్ ఫైలు "ఎగ్జెక్" లైనులోనో, బాష్ఆర్‌సీలో అలియాస్‌గానో ఉంటుంది. హోమ్‌లో రూట్ పేరుతో మిగిలిపోయిన ఫైళ్లను ఫైండ్ కమాండుతో పట్టి చౌన్ (chown) కమాండుతో మీ పేరుకు మార్చుకోండి, లేకపోతే ప్రొఫైల్ తెరుచుకోదు. క్రోమ్ సాండ్‌బాక్స్ పేజీ తెరిస్తే చివర్లో తగినంత రక్షణ ఉందని రాసి ఉండాలి.

జిప్‌లో స్క్రిప్టు ఏదైనా ఉంటే దాన్ని సుడోతో నడిపినవాళ్లకు, లేదా ఆ లైబ్రరీతో క్రోమ్‌ను సుడో మీద తెరిచినవాళ్లకు ఈ శుభ్రం చేయడం చాలదు. వేరే మెషీన్ నుంచి పాస్‌వర్డులు మార్చండి, అన్ని చోట్లా పాత లాగిన్లను సైన్ అవుట్ చేయండి, ఎస్ఎస్‌హెచ్ తాళాలు కొత్తవి తీసుకుని పాతవాటిని సర్వర్ల నుంచి తొలగించండి, ఆపైన లైనక్స్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోండి.