కెప్టెన్ పొరపాటు, సరుకు యజమాని నష్టం

లారీ డ్రైవరు బండిని గోతిలో పడేస్తే, అందులోని సరుకుకు ఎవరు బాధ్యులని అడగాల్సిన పనే లేదు. అదే కెప్టెన్ ఓడను రాతిదిబ్బకు గుద్దిస్తే జవాబు తలకిందులవుతుంది. సముద్ర సరుకు రవాణాపై దేశాలు కుదుర్చుకున్న 1924 నాటి హేగ్ నిబంధనల ప్రకారం ఓడను నడపడంలోనో, నిర్వహించడంలోనో సిబ్బంది చేసిన పొరపాటుకు రవాణా సంస్థ పైసా చెల్లించనక్కర్లేదు. ఆ నిబంధనలకు 1968లో చేసిన విస్బీ సవరణలు కూడా ఈ మినహాయింపు జోలికి పోలేదు. పెద్ద వాణిజ్య దేశాలు చాలావరకు నేటికీ ఈ బాటలోనే ఉన్నాయి.

పుట్టినప్పుడు ఇది అన్యాయమేమీ కాదు. 19వ శతాబ్దంలో ఓడ యజమానులు బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే రసీదు, ఒప్పంద పత్రం) నిండా షరతులు గుప్పించి ప్రతి బాధ్యత నుంచీ తప్పుకునేవారు. 1893లో అమెరికా హార్టర్ చట్టంతో ఒక రాజీ కుదిర్చింది. ఓడను ప్రయాణానికి తగినట్టు సిద్ధం చేయడంలో యజమాని శ్రద్ధ చూపాలి, సరుకును జాగ్రత్తగా చూసుకోవాలి. బదులుగా ఓడ నడపడంలో జరిగే తప్పులు అతని మెడకు చుట్టుకోవు. రేవు దాటిన ఓడ యజమాని కంటికీ చెవికీ అందని రోజులవి. ఇప్పుడు ఓడ ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో కార్యాలయంలో కూర్చునే చూడవచ్చు. కారణం పోయింది, మినహాయింపు మిగిలింది.

పైగా దాని హద్దు ఎక్కడో తేల్చడానికే కోర్టులు తలలు పట్టుకున్నాయి. 1920ల చివర్లో అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు 'కెనడియన్ హైలాండర్' ఓడ కేసు వచ్చింది. మరమ్మతుల కోసం సరుకు గది మూతలు తెరిచి ఉంచారు. టార్పాలిన్‌తో సరిగా కప్పకపోవడంతో వాననీరు దిగి తగరపు పూత రేకులు పాడయ్యాయి. ఇది ఓడ నిర్వహణలో లోపమా, సరుకు సంరక్షణలో లోపమా? మొదటిదైతే యజమాని బయటపడతాడు, రెండోదైతే చెల్లించాలి. రెండోదేనని తీర్పు వచ్చింది. ఒక టార్పాలిన్ ఎవరి కోసమన్న ప్రశ్న మీద అంత వ్యాజ్యం!

విమానాల సంగతి చూడండి. 1929 వార్సా ఒప్పందంలో సరుకు విషయంలో పైలట్ పొరపాటుకు ఇలాంటి వెసులుబాటే ఉండేది. ఆ ఒప్పందాన్ని సవరించిన 1955 హేగ్ ప్రోటోకాల్ దాన్ని తీసేసింది. అందువల్ల విమాన రవాణా కుప్పకూలలేదు. సముద్రంపై 1978 హాంబర్గ్ నిబంధనలు ఈ మినహాయింపును తీసేశాయి. అవి 1992లో అమల్లోకి వచ్చినా ప్రధాన నౌకా దేశాలు దూరంగానే ఉన్నాయి. 2008 రోటర్‌డామ్ నిబంధనలూ మినహాయింపును రద్దు చేశాయి గానీ, అమలుకు కావాల్సిన 20 దేశాల ఆమోదమే వాటికి ఇంకా దక్కలేదు.

మినహాయింపు తీసేస్తే రవాణా ఛార్జీలు పెరుగుతాయని, ఎలాగూ సరుకుకు బీమా ఉంటుందని నౌకా సంస్థల వాదన. ఆ బీమా ప్రీమియం కట్టేది సరుకు యజమానే కదా! తప్పు ఒకరిది, ప్రీమియం మరొకరిదా? పైగా బాధ్యత మీద పడినా ఓడ యజమాని దివాలా తీయడు. పరిహారానికి చట్టమే పరిమితి పెట్టింది.

హేగ్-విస్బీ నిబంధనలను సవరించిన 1979 ప్రోటోకాల్ ప్రకారం ఆ పరిమితి ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్‌లు లేదా కిలోకు 2 ఎస్‌డీఆర్‌లు, ఏది ఎక్కువైతే అది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే ప్రమాణం. విలువ ముందే ప్రకటించి బిల్ ఆఫ్ లేడింగ్‌లో రాయించకపోతే ఇదే వర్తిస్తుంది. 20 టన్నుల సరుకున్న కంటైనర్‌ను తీసుకోండి. బిల్లులో 'ఒక కంటైనర్' అని మాత్రమే రాసి ఉంటే బరువు లెక్కన పరిమితి 40,000 ఎస్‌డీఆర్‌లు. 'అందులో 500 పెట్టెలు' అని రాసి ఉంటే ఒక్కో పెట్టె ఒక ప్యాకేజీ లెక్కన 3,33,335. గుమాస్తా వదిలేసిన రెండు మాటల ఖరీదు అంత. ఏడాదిలోగా దావా వేయకపోతే ఆ హక్కూ పోతుంది. ఇక ఓడ నడపడంలో కెప్టెన్ పొరపాటని తేలితే, హేగ్-విస్బీ కింద ఆ 40,000 కూడా రావు.