క్రోమోజోములు 46 అని ఎవరు లెక్కపెట్టారు?

మనిషి కణంలో క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే దారాల్లాంటి పోగులు, 46. పై తరగతుల్లో బయాలజీ చదివే ఏ విద్యార్థిని నిద్రలేపి అడిగినా ఈ సంఖ్య చెప్పేస్తారు. కానీ 1923 తర్వాత ముప్పై ఏళ్లకు పైగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న సంఖ్య 48. క్లాసుల్లో అదే చెప్పారు, పరీక్షల్లో అదే రాశారు, మార్కులూ పడ్డాయి.

ఆ తప్పు ఎలా జరిగిందో, ఎలా బయటపడిందో ఒక్క పీరియడ్‌లో చెప్పొచ్చు. కానీ చాలా క్లాసుల్లో చెప్పరు. పై తరగతుల బయాలజీకి ‘బట్టీ సబ్జెక్టు’ అని పేరు రావడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. తేలిన జవాబులు మాత్రం పిల్లల చేతిలో పెడుతున్నాం. అవి తేలిన దారి చూపించడం లేదు. దారి తెలియని జవాబును బట్టీ పట్టడం తప్ప ఎవరైనా ఏం చేయగలరు?

48 సంగతే చూద్దాం. థియోఫిలస్ పెయింటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మనిషి వృషణ కణజాలాన్ని పలుచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి లెక్కపెట్టాడు. అలా చూస్తే క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడిన దారాల్లా ఉంటాయి. బాగా స్పష్టంగా ఉన్న కణాల్లో 46 కనిపించాయని 1921లో ఆయనే రాశాడు. మరిన్ని కణాలు చూశాక, 1923లో 48 అని ఖాయం చేశాడు. ఆ తర్వాత చూసినవాళ్లలో చాలామందికి 48 కనిపించింది. ముందే జవాబు తెలుసు అనుకున్న కంటికి ఆ జవాబే కనిపిస్తుంది.

1952 నాటికి టి.సి. షు అనే శాస్త్రవేత్తకు ఒక అదృష్టం తగిలింది. కణాలను కడిగే ఉప్పు ద్రావణం పొరపాటున పలచబడింది. నీళ్లు లోపలికి వెళ్లి కణాలు ఉబ్బాయి, లోపలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. అంత చక్కగా కనిపించినా ఆయన కూడా 48 అనే రాశాడు! చివరికి 1955 డిసెంబరులో, స్వీడన్‌లోని లుండ్‌లో, జో హిన్ టియో, ఆల్బర్ట్ లెవాన్ ఆ ఉబ్బించే పద్ధతినే, కణవిభజనను మధ్యలో ఆపే కొల్చిసిన్ అనే రసాయనంతో కలిపి వాడారు. కణం తర్వాత కణం లెక్కపెట్టారు. 46 వచ్చింది. 46 అనే రాశారు. 1956లో అది అచ్చయింది.

ఆ రెండు అంకెల తేడాతో ఏమవుతుందిలే అనుకోవద్దు. 1959లో జెరోమ్ లెజ్యూన్ బృందం డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కణాల్లో 47 క్రోమోజోములు ఉన్నట్టు ప్రకటించింది. మామూలు సంఖ్య 48 అని నమ్ముతూ ఉండి ఉంటే, ఆ 47ను చూసి ‘ఒకటి తగ్గింది’ అనుకునేవారు. నిజానికి అక్కడ ఒకటి ఎక్కువైంది.

ఇప్పుడు మన సిలబస్ దగ్గరికి రండి. ద్రవాభిసరణ, అంటే పలుచని ద్రావణం నుంచి గాఢ ద్రావణం వైపు పొర గుండా నీళ్లు కదలడం, ఒక చాప్టర్‌లో ఉంటుంది, కణవిభజన ఇంకో చాప్టర్‌లో. బంగాళదుంప ముక్కలను రకరకాల గాఢతల చక్కెర ద్రావణాల్లో వేసి, బరువు ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో చూసి, గ్రాఫ్ గీసి, రికార్డు మూసేస్తారు. నెలల తర్వాత క్రోమోజోముల పాఠం వస్తుంది. దుంప ముక్కను ఉబ్బించిన ఆ నీళ్లే మనిషి క్రోమోజోములను విడదీసి చూపించాయని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలతో రెండు చాప్టర్లూ జన్మలో మర్చిపోరు.

గుర్తుపెట్టుకోవడమే తప్పు అని నేను అనడం లేదు. పదాలు రాకపోతే ఆలోచన ముందుకు కదలదు. కణత్వచం, మైటోకాండ్రియా, ఎంజైమ్, యుగ్మ వికల్పం లాంటి మాటలు నోటికి రావాల్సిందే. కాకపోతే బయాలజీ అంటే లెక్కలంటే భయపడేవాళ్లు తీసుకునే సబ్జెక్టు అనే మాట మాత్రం పిల్లలకు హాని చేస్తోంది. ఆ భరోసాతో చేరినవాళ్లకు మొదటి డేటా ప్రశ్న దగ్గరే టెన్షన్ మొదలవుతుంది.

బఠానీ మొక్కలతో వారసత్వ సూత్రాలు కనుగొన్న మెండెల్‌నే తీసుకోండి. రెండో తరంలో రెండు లక్షణాలు 3:1 నిష్పత్తిలో వస్తాయని అందరికీ వచ్చు. 1866లో అచ్చయిన ఆయన పత్రంలో ఊదా పూల మొక్కలు 705, తెల్ల పూలవి 224. భాగిస్తే 3.15 వస్తుంది. మరి ఇది 3:1 అవునా, కాదా? పై తరగతి విద్యార్థికి వేయాల్సిన ప్రశ్న ఇది. మొత్తం 929 మొక్కల్లో కచ్చితంగా 3:1 అయితే 696.75, 232.25 రావాలి. తేడా 8.25. తేడా యాదృచ్ఛికమో కాదో చూసే కై-స్క్వేర్ లెక్క వేస్తే 0.39 వస్తుంది. 5 శాతం స్థాయిలో హద్దు 3.84 కాబట్టి, ఈ కాస్త తేడా యాదృచ్ఛికంగా రాగలిగినదే. ఈ లెక్క ఒకసారి సొంత చేత్తో చేసినవాళ్లకు నిష్పత్తి అంటే ఏమిటో తెలుస్తుంది. చేయనివాళ్లు, తమ ప్రాక్టికల్‌లో 3.15 వస్తే దిద్ది 3 రాస్తారు.

కణాలకు శక్తి అందించే ఏటీపీ విషయంలోనూ ఇదే జరుగుతోంది. ఈ పదార్థాన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. ఒక గ్లూకోజ్ అణువు నుంచి ఎన్ని ఏటీపీలు వస్తాయి? పాత పుస్తకాలు 38 అంటాయి, కొన్ని 36 అంటాయి. కొత్తవి 30 నుంచి 32 అంటున్నాయి. ‘మీ పుస్తకంలో ఎంతుంటే అంత రాయండి’ అనేది సాధారణంగా వినే జవాబు. ఆ సంఖ్య ఎందుకు మారిందో చెబితే ఆ పాఠంలోని అసలు విషయం తెలుస్తుంది. గ్లూకోజ్ విరిగేటప్పుడు ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే ఎన్‌ఏడీహెచ్ అణువు ఒక్కోదానికి సరిగ్గా మూడు ఏటీపీలు వస్తాయని మొదట్లో లెక్క వేసుకున్నారు. మైటోకాండ్రియా లోపలి త్వచానికి అటూ ఇటూ ప్రోటాన్ల తేడా పెరిగి, ఆ ప్రవాహమే ఏటీపీని తయారు చేయిస్తుందని పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించాడు. చాలాకాలం చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. ప్రవాహంతో నడిచే పనికి పూర్ణాంకాలే రావాలన్న నియమం ఏమీ లేదు. అందుకే ఇప్పుడు మూడు బదులు సుమారు రెండున్నర అంటున్నారు.

ఇదంతా చెప్పడానికి టైమ్ ఎక్కడిది అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సిలబస్ పూర్తి చేయాలి, ఫలితాలు చూపించాలి. అందుకే మార్పు ప్రశ్నపత్రం దగ్గర మొదలవ్వాలి. కణశ్వాసక్రియలోని రసాయన చర్యల వరుస అయిన క్రెబ్స్ వలయం గీయమని అడిగితే పిల్లలు గీయడమే నేర్చుకుంటారు. ‘ఈస్ట్‌కు ఆక్సిజన్ ఆపేస్తే గ్లూకోజ్ ఖర్చు పెరుగుతుందా, తగ్గుతుందా, ఎందుకు?’ అని అడిగి చూడండి. గాలి లేకుండా ఒక గ్లూకోజ్‌కు దక్కేవి రెండే ఏటీపీలు. కాబట్టి బతకడానికి ఈస్ట్ ఎక్కువ గ్లూకోజ్ ఖర్చు చేయాలి. వలయంలోని ప్రతి అణువు పేరూ తెలిసి కూడా ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయేవాళ్లుంటారు. పేర్లు కొన్ని మర్చిపోయినా సరిగ్గా చెప్పేవాళ్లూ ఉంటారు. ఎవరికి ఎక్కువ మార్కులు వేయాలో పరీక్షలు పెట్టేవాళ్లు తేల్చుకోవాలి.

ప్రాక్టికల్స్ పరిస్థితి ఇంకా బాధాకరం. ఉల్లి వేరు కొనను స్లైడ్ మీద నొక్కి కణవిభజన చూడటం చాలా చోట్ల ఉండే ప్రయోగం. ఉల్లికి క్రోమోజోములు 16. మంచి స్లైడ్ కుదిరి, ఓపిగ్గా లెక్కపెట్టిన పిల్లకు 15 కనిపించాయనుకుందాం. పక్కనున్న అమ్మాయి రికార్డులో 16 ఉంటుంది, గోడ మీద చార్టులో 16 ఉంటుంది, పుస్తకంలోనూ 16 ఉంటుంది. ఆ పిల్ల రబ్బరు తీసుకుని 15ను చెరిపేస్తుంది. పెయింటర్ తర్వాత ముప్పై ఏళ్ల పాటు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు చేసిందీ దాదాపు అదే. చెరపకుండా 15 అనే ఉంచి, పక్కన ‘రెండు ఒకదాని మీద ఒకటి పడి ఉండొచ్చు, ఇంకో అయిదు కణాలు చూడాలి’ అని రాసిన రికార్డుకు పూర్తి మార్కులు పడాలి.