లండన్ నుంచి న్యూయార్క్ 3 గంటలేనా?

వాట్సాప్‌లో మళ్ళీ తిరుగుతున్న మెసేజ్ ఇది, క్లుప్తంగా: "లండన్‌లో పగలు 11కి ఎక్కితే న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2కి దిగుతాం, 3 గంటలు. వచ్చేటప్పుడు సాయంత్రం 6:30కి ఎక్కితే లండన్‌లో దిగేది పొద్దున 6:30కి, 12 గంటలు. భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పోయేటప్పుడు న్యూయార్కే మనకు ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు లండన్ దూరం జరుగుతుంది. పైగా విమానాలు తిన్నగా పోకుండా వంకర దారిలో తిప్పుతాయి."

"3 గంటలు, 12 గంటలు" అన్నది మొదటి మాట. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. న్యూయార్క్ గడియారం లండన్ కన్నా 5 గంటలు వెనక (ఏడాదిలో కొన్ని వారాలు 4). పోయేటప్పుడు ఆ 5 కలిపితే 8 గంటలు, వచ్చేటప్పుడు తీసేస్తే 7. అంటే మెసేజ్‌కి సరిగ్గా తలకిందులు: పడమటికి పోవడానికే ఎక్కువ సేపు పడుతుంది. ఆ దారిలో 3 గంటలకు అటూ ఇటూగా ప్రయాణికుల్ని చేర్చింది ధ్వని కన్నా వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానం ఒక్కటే. దాన్ని 2003లోనే ఆపేశారు.

"న్యూయార్క్ ఎదురొస్తుంది"... లండన్ దగ్గర నేల గంటకు సుమారు 1,040 కి.మీ. వేగంతో తూర్పుకు తిరుగుతోంది. మెసేజ్ లెక్కే నిజమైతే, గంటకు 900 కి.మీ. పోయే విమానం తిరుగు ప్రయాణంలో లండన్‌ను 12 గంటలకు కాదు, ఎప్పటికీ అందుకోలేదు! భూమితో పాటు గాలీ తిరుగుతోంది, రన్‌వే మీదున్న విమానానికీ ముందే ఆ వేగం ఉంది. పరిగెత్తే రైల్లో ఎగిరిన ఈగ వెనక బోగీలోకి కొట్టుకుపోదు కదా.

మరి ఆ గంట తేడా ఎక్కడిది? గాలిది. 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ఉరవడి ఉంటుంది. చలికాలంలో అది గంటకు 200 కి.మీ. దాటడం మామూలే. 2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను గాలుల ఊపుతో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేలతో పోల్చితే దాని వేగం గంటకు 1,300 కి.మీ. దాటింది. వేడి, చలి ప్రాంతాల మధ్య తేడాతో కదిలే గాలిని తూర్పుకు మళ్ళించేది భూభ్రమణమే. కాబట్టి మెసేజ్ రాసినాయనకు ఒక మార్కు వెయ్యచ్చు, జవాబు మాత్రం తప్పే.

ఇక "వంకర దారి". గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి చూడండి, ఐర్లాండ్ మీదుగా, కెనడా తూర్పు తీరం పక్కగా పోతుంది. సుమారు 5,550 కి.మీ. దగ్గరి దారి అదే, బల్లపరుపు మ్యాప్ మీద వంకరగా కనిపిస్తుందంతే. అయితే గాలి కలిసొస్తే పైలట్లు కావాలనే చుట్టు తిరుగుతారు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు దగ్గరి దారి సుమారు 15,300 కి.మీ., ఉత్తర ధ్రువం వైపుగా. అయినా అంతకన్నా పొడవైన పసిఫిక్ దారి పట్టడం మామూలే, వెనక గాలి తోస్తుంటే అదే ముందు చేరుస్తుంది.