సవరణ: పిండి ప్లాస్టిక్ మట్టిలో కరిగిపోతుందని రాశాను కదా

మొన్న పోస్ట్‌లో మొక్కజొన్న పిండితో చేసిన కప్పు మట్టిలో పడేస్తే మూడు నెలల్లో కరిగిపోతుందని రాసేశాను, అది తప్పు, సారీ. నేను రెండు వేరే వేరే సరుకుల్ని కలిపేశాను. పిండిలో గ్లిజరిన్, నీళ్ళు కలిపి వేడి చేస్తే వచ్చేది స్టార్చ్ ప్లాస్టిక్, అది తడికి మెత్తబడిపోతుంది, మట్టిలో త్వరగానే పోతుంది. కానీ ఆ పారదర్శకంగా ఉండే కప్పులు ఎక్కువగా పీఎల్ఏ, అంటే పిండిని చక్కెరగా మార్చి, పులియబెట్టి లాక్టిక్ యాసిడ్ తీసి, దాన్ని గొలుసులా కలిపింది, ఇక అందులో పిండి అనేదే ఉండదు. అది కుళ్ళిపోవాలంటే 58 డిగ్రీల దగ్గర వారాల తరబడి వేడిగా ఉండే పెద్ద కంపోస్ట్ ప్లాంట్ కావాలి, పెరట్లో గుంటకి అంత వేడి ఎక్కడిది! నేను పాతిపెట్టిన కప్పు ఏడాది తర్వాత తీస్తే అంచు మీద గీత కూడా చెరగలేదు, కడిగితే మళ్ళీ వాడుకునేలా ఉంది. సముద్రంలో పడినా అంతే, చాలా ఏళ్ళు అలాగే ఉంటుంది.

ఇంకోటి, స్టార్చ్ సంచుల్లో కూడా చాలావాటిలో పీబీఏటీ అనే ఇంకో ప్లాస్టిక్ కలుపుతారు, అది మామూలుగా పెట్రోలియం నుంచి వచ్చేదే, కాకపోతే అది కూడా కుళ్ళుతుంది. కాబట్టి "మొక్క నుంచి వచ్చింది" అన్నా "కుళ్ళుతుంది" అన్నా ఒకటే అనుకుని రాసిన లైన్ కూడా కొట్టేశాను.