మా అమ్మ చుట్ట ముట్టలేదు, అయితే?

పొద్దున ఏడింటికి మా పక్కింటాయన గోడ వారన చెత్త అంటించాడు. మామిడాకులు, కొబ్బరి మట్టలు, వాటి మధ్యలో పాల కవర్లు, ఒక పాత రబ్బరు చెప్పు. చలికాలం పొగ పైకి పోదు కదా, నేల మీదే పాకుతూ సరాసరి మా కిటికీలోకి వచ్చింది. అప్పుడే అమ్మ నెబులైజర్ పెట్టుకుని కూర్చుంది. మందు పీలుస్తున్న మనిషి మందుతో పాటు చెప్పు కాలిన పొగ పీల్చింది!

బయటికెళ్లి "బాబాయ్, అమ్మకి ఊపిరి ఆడటం లేదు, కాస్త నీళ్లు పొయ్యండి" అన్నాను. ఆయనేమన్నాడో తెలుసా? "మీ అమ్మేమన్నా చుట్ట తాగిందా, ఊపిరితిత్తులు పాడవడానికి? ఆకుల పొగ ఏం చేస్తుందమ్మా, మా చిన్నప్పుడు దోమలకి ఇదే వేసేవాళ్లం."

నా చేతులు ఇంకా వణుకుతున్నాయి.

మన పర్లాకిమిడిలో పొగ అంటే చుట్ట, బీడీ, ముసలమ్మలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ. ఇంకేదీ పొగ కాదు. నాలుగేళ్లు ఏ డాక్టరు దగ్గరికెళ్లినా అదే ప్రశ్న, "బీడీ, చుట్ట అలవాటుందా?" లేదనగానే ఆస్తమా అని రాసి దగ్గు మందు చేతిలో పెట్టేవాళ్లు. బరంపురంలో ఒక డాక్టరమ్మ మాత్రం "ఏ పొయ్యి మీద వండారు? రోజుకి ఎన్ని గంటలు? ఎన్నేళ్లు?" అని అడిగి కాగితం మీద గుణించింది. రోజుకి 5 గంటలు, 35 ఏళ్లు. పొయ్యి పొగ లెక్క 175. అమ్మ ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. అన్నేళ్లలో తన పొయ్యి గురించి ఒక మనిషి అడగడం అదే మొదటిసారి.

తర్వాత మిషన్ గొట్టంలోకి ఊదించారు. మందు పీల్చాక కూడా, వదిలిన మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చేది 70 శాతం కంటే తక్కువుంటే సీఓపీడీ అంటారు, అంటే గాలి దారులు ఇరుకైపోయి మళ్లీ పూర్తిగా తెరుచుకోని జబ్బు. అమ్మకి 52. చుట్ట, బీడీ పొగ ఊపిరితిత్తుల చివర ఉండే గాలి తిత్తుల్ని ఎక్కువగా తినేస్తుందని, కట్టెల పొగ సన్నని గాలి గొట్టాల్ని మందంగా, ఇరుగ్గా చేసి మసి పేరుస్తుందని ఆవిడే చెప్పింది. రెంటికీ పేరు ఒకటే, ఆయాసం ఒకటే. అలా ఇరుకైపోయిన గొట్టానికి ఇక ఏ పొగైనా పొగే. అగరబత్తి, సాంబ్రాణి, మస్కిటో కాయిల్, ఆకుల మంట ఏదైనా సరే. ఒక్క కాయిల్ వదిలే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లోనే లెక్కగట్టారు. మనం దాన్ని పసిపిల్లల మంచం కింద వెలిగిస్తాం. జబ్బు ఒక్కసారి తిరగబెట్టిందా, పోయిన ఊపిరి చాలాసార్లు పూర్తిగా తిరిగి రాదు. ఈ పొద్దుటి మంటకి అమ్మది ఎంత పోయిందో ఎవరు చెప్తారు?

"చుట్ట తాగిందా" అనే ఈ మాట మా పెదనాన్న కూడా అనేవాడు.

మా ఇంట్లో అన్నానికి ఉప్పుడు బియ్యమే. వడ్లు ఇంట్లోనే ఉడకబెట్టాలి. కిటికీ లేని వంటిల్లు, ఊక మంట, పక్కన జీడిమామిడి కట్టెల పొయ్యి. పచ్చి కట్టెలు రాజకపోతే అమ్మ వంగి గొట్టంతో ఊదేది. ఊదడానికి గాలి లోపలికి తీసుకోవాలి కదా, అక్కడున్నదంతా పొగే. మా గజపతి జిల్లా పుట్టిన 1992లోనే మా ఇంటికి గ్యాస్ వచ్చింది. కానీ గ్యాస్ మీద అన్నం వండితే వాతం చేస్తుందని నాయనమ్మ వద్దంది. సిలిండరు చుట్టాల టీకి. అన్నానికి, కూరకి, వడ్లకి అమ్మ ఊపిరితిత్తులు. ఉజ్వల పథకం వచ్చింది 2016లో. మా ఇంట్లో సిలిండరు అప్పటికి ఎన్నేళ్ల నుంచి ఉందో చూడండి! డబ్బు లేక కాదు, మనసు లేక.

పెదనాన్న నలభై ఏళ్లు అరుగు మీద గాలికి కూర్చుని చుట్ట కాల్చాడు. ఆయనకి దగ్గు మొదలైన వారానికే కారు పెట్టి విశాఖ తీసుకెళ్లారు. చుట్ట మానేయమన్నారు, మానేశాడు, ఇప్పటికీ బజారుకి నడిచి వెళ్తున్నాడు. మానేస్తే ఊపిరి తగ్గడం నెమ్మదిస్తుంది మరి. అమ్మ ఏం మానేస్తుంది? పొయ్యి మానేస్తే ఆ ఇంట్లో ఉండనిచ్చేవాళ్లా? ఆమె దగ్గితే మిరియాల కషాయం. నాన్న తద్దినం రోజు, పదిహేను మందికి వండి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతుంటే, "చుట్ట తాగనిదానికి ఈ దగ్గేంటి, పని తప్పించుకోడానికి" అన్నాడు పెదనాన్న, అందరి ముందూ. ఒక్కరు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నాన్న ఉన్నప్పుడు ఆయన మధ్యాహ్నం నిద్ర పాడవుతుందని అమ్మ పెరట్లో బావి దగ్గరికెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని దగ్గేది. ఇది నేను చూశాను.

ఇప్పుడు తలుపులన్నీ వేసి లోపలి గదిలో పడుకోబెట్టాను. "ఇరుగుపొరుగుతో గొడవెందుకే" అంటోంది, ఆ కాస్త మాటకి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది.

బాబాయ్ ఈ పోస్టు చదువుతాడని తెలుసు, చదవాలనే రాశాను. కుప్ప ఇంకా సన్నగా పొగ వదులుతోంది. బకెట్టు నింపి గోడ దగ్గర పెట్టాను. ఇప్పుడే వెళ్తున్నాను.