మాటిచ్ విషయంలో చెల్సీ తప్పు 2011లో జరగలేదు

ఫుట్‌బాల్‌లో ట్రాన్స్‌ఫర్ విండో (క్లబ్బులు ఆటగాళ్లను కొనుక్కునే, అమ్ముకునే గడువు) తెరిచిన ప్రతిసారీ ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ మీద ఒక పోస్టు చక్కర్లు కొడుతుంది: “సెర్బియా మిడ్‌ఫీల్డర్ నెమన్యా మాటిచ్‌ను చెల్సీ 2011లో ఊరికే వదిలేసింది. మూడేళ్లకు అదే ఆటగాణ్ణి 2.1 కోట్ల పౌండ్లు పోసి కొనుక్కుంది. ఇంతకన్నా దండగ బేరం లేదు. ఉంచుకుని ఉంటే అక్కడే ఎదిగేవాడు.” ఏడాదీ సరే, ధరా సరే. మిగతాది నిలవదు.

ఊరికే వదల్లేదు. 2011 జనవరి ఆఖరి రోజున పోర్చుగల్ క్లబ్ బెన్ఫికా నుంచి డిఫెండర్ డేవిడ్ లూయిజ్‌ను తెచ్చుకోవడానికి చెల్సీ రెండున్నర కోట్ల యూరోలిచ్చి, కొసరుగా మాటిచ్‌ను కలిపింది. లూయిజ్ మరుసటి ఏడాదే మ్యూనిక్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడి గెలిచాడు. 2014లో అతని కోసం ప్యారిస్ క్లబ్ పీఎస్‌జీ చెల్సీకి ఇచ్చింది దాదాపు 5 కోట్ల పౌండ్లు.

“అదే ఆటగాడు” అనడంలోనే అసలు పొరపాటు ఉంది. 2009లో స్లొవేకియా క్లబ్ కొషిట్సె నుంచి సుమారు 15 లక్షల పౌండ్లకు వచ్చిన మాటిచ్ అటాకింగ్ మిడ్‌ఫీల్డర్. చెల్సీకి ఆడిన లీగ్ మ్యాచ్‌లు రెండే, ఆ తర్వాత లోన్ మీద (అంటే తాత్కాలికంగా) డచ్ క్లబ్ వితెస్‌కు వెళ్లాడు. అతణ్ణి వెనక్కి జరిపి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌గా మలిచింది బెన్ఫికా కోచ్ జార్జ్ జెసూస్. 2012 వేసవి ముగిసేసరికి బెన్ఫికా మిడ్‌ఫీల్డర్లు హావి గార్సియా మాంచెస్టర్ సిటీకి, విట్సెల్ రష్యా క్లబ్ జెనిత్‌కు వెళ్లిపోయారు. ఇద్దరు స్ట్రైకర్లు, పైకి దూసుకెళ్లే ఫుల్‌బ్యాక్‌లు (అంచుల్లో ఆడే డిఫెండర్లు) ఉన్న ఆ జట్టులో మధ్య కాపలా చాలావరకు మాటిచ్ మీదే పడింది. బంతి చేజారగానే ఎదురుదాడి ఏ పక్క నుంచి వస్తుందో పసిగట్టి, ఆ పక్క ఫుల్‌బ్యాక్ వదిలిన ఖాళీని మూయాలి. తొందరపడి ట్యాకిల్‌కు దిగి తప్పితే సెంటర్‌బ్యాక్‌ల ముందు మైదానమంతా ఖాళీ. 194 సెంటీమీటర్ల మనిషి పరుగు కన్నా ముందుచూపుతో నెగ్గే పని అది. 2012-13లో పోర్చుగల్ లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. (పాత అటాకర్ పూర్తిగా పోలేదు లెండి: పోర్టో మీద వాలీతో (బంతి నేల తాకకముందే తన్ని) కొట్టిన గోల్ 2013 పుష్కాష్ అవార్డులో, అంటే ఏడాది అత్యుత్తమ గోల్ పోటీలో, రెండో స్థానం తెచ్చింది.)

ఇక ఉంచుకుని ఉంటే ఎవరి చోటులో ఆడించేవారు? అప్పుడు చెల్సీ మిడ్‌ఫీల్డ్‌లో లాంపార్డ్, ఎసియన్, మికెల్, రామిరెస్ ఉన్నారు. మాటిచ్‌కు దక్కేది బెంచీ, లేదంటే ఇంకో లోన్.

దండగ సంగతి లెక్కలోనే తేలిపోతుంది. రెండుసార్లు కొన్నదానికి కలిపి సుమారు 2.25 కోట్ల పౌండ్లు, 2017లో మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మితే వచ్చింది 4 కోట్లు. మధ్యలో రెండు లీగ్ టైటిళ్లు. 2014లో తిరిగొచ్చిన మూడో వారంలోనే మాంచెస్టర్ సిటీని వాళ్ల సొంత మైదానం ఎతిహాద్‌లో 1-0తో ఓడించిన మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డ్‌లో అతని పక్కన ఆడిందెవరనుకున్నారు? డేవిడ్ లూయిజే! 2014-15లో చెల్సీ మిడ్‌ఫీల్డర్ ఫాబ్రెగాస్ ముందుకెళ్లి పాసులు అల్లగలిగాడంటే వెనక మాటిచ్ ఉండబట్టే. ఆ సీజన్ 38 లీగ్ మ్యాచ్‌లలో 36 ఆడాడు.

చెల్సీని తిట్టాలనుకుంటే 2017 వేసవిని పట్టుకోండి. చాంపియన్ జట్టు తన కీలక ఆటగాణ్ణి నేరుగా ప్రత్యర్థికే అమ్మింది. ఆ లోటు తీర్చడానికి మిడ్‌ఫీల్డర్లు బకయోకోను, 3.5 కోట్ల పౌండ్లకు డ్రింక్‌వాటర్‌ను తెచ్చింది. ఆ సీజన్ యునైటెడ్ రెండో స్థానంలో, చెల్సీ అయిదో స్థానంలో ముగించాయి. డ్రింక్‌వాటర్ చెల్సీకి ఆడిన లీగ్ మ్యాచ్‌లు మొత్తం 12.